ఆటయోగ్యతా పరీక్ష

రేగులదిబ్బ అంగన్‌వాడీ బడిలో జోషిత అనే నాలుగేళ్ళ పిల్ల వరసగా పదకొండు రోజులు ఏడ్చింది. పన్నెండో రోజున ఏడుపు మానేసింది. ఆ మానడమే జిల్లా మొత్తానికీ తిప్పలు తెచ్చిందని తరవాత చాలామంది అన్నారు గాని, ఆ పూట మాత్రం మార్తమ్మ టీచరు హమ్మయ్య అనుకుంది.

జోషిత అమ్మా నాన్నా మిరపకోతలకని లారీ ఎక్కి గుంటూరు వైపు వెళ్ళారు. నాలుగు నెలలకు గాని తిరిగి రారు. పిల్లను తాత బ్రహ్మయ్య దగ్గర వదిలారు. బ్రహ్మయ్య రోజూ పొద్దున్నే మనవరాలిని భుజాన వేసుకొచ్చి బడి గుమ్మంలో దించేవాడు. దించీ దించగానే ఆ పిల్ల ద్వారబంధం పట్టుకుని రాగం అందుకునేది. మార్తమ్మ కోడిగుడ్డు చూపించింది, పాట పాడింది. ఆయా ఖాసింబీ చంకనేసుకుని పెరడంతా తిప్పింది. ఏం చేసినా ఒకటే మాట.

"అమ్మ లారీ యాడికి పోయింది?"

పదకొండో రోజు సాయంత్రం మార్తమ్మ ఇంటికి పోతూ బ్రహ్మయ్య అరుగు మీద అరిగిపోయిన రబ్బరు చెప్పు ఒకటి చూసింది. దాని జోడు ఎప్పుడో పోయింది. అడిగి తీసుకుంది. మర్నాడు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, మామిడిరసం అట్టపెట్టె ఒకటి, విరిగిన గొడుగు ఊచ ఒకటి, అయిపోయిన రీఫిల్లు గొట్టాలు రెండు ముందు పెట్టింది. సీసా మూతను చెప్పు మీద పెట్టి పిల్లలే చుట్టూ గీత గీశారు. ఆ గీత వెంబడి ఆమె బ్లేడుతో కోసింది. నాలుగు చక్రాలు వచ్చాయి. రీఫిల్లు గొట్టంలోంచి గొడుగు ఊచ దూర్చే పని జోషితకు ఇచ్చింది. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చుకుంటూ, నాలుక బయటపెట్టి, అరగంట కష్టపడి దూర్చింది. దారం కట్టి లాగితే లారీ కదిలింది. జోషిత దాని మీద చింతగింజలు లోడు వేసుకుని, బడి అంతా తిప్పి, తలుపు దగ్గర ఆపి, లారీలోకి తొంగిచూసి, "అమ్మ ఇంకా ఎక్కలా" అని మళ్ళీ బయల్దేరింది.

ఆ రోజు కోడిగుడ్డు తింది. మధ్యాహ్నం నిద్ర కూడా పోయింది, లారీ దారం వేలికి చుట్టుకుని.

మిగిలిన పిల్లలు ఊరుకుంటారా. ఒకడు ఖాళీ పాలడబ్బా తెచ్చాడు. పగిలిన బుడగ దాని మూతికి బిగిస్తే డప్పయింది. ఇంకొకతె టెంకాయ చిప్పలు తెచ్చింది. వాటికి తాళ్ళు కడితే కాళ్ళకింద పెట్టుకుని గుర్రంలా నడిచే చెప్పులయ్యాయి. షాంపూ సీసా పడవయింది. రెండు వారాల్లో ఇరవై ఇద్దరు పిల్లల్లో ఇరవై ఇద్దరూ వచ్చారు. అంతకు ముందు ఆ సంఖ్య హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడేది కాదు.

పిల్లల బరువులు చూసుకోవడానికి వచ్చిన సూపర్‌వైజరు సుభాషిణి మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె మంచిదే. ఆ మంచితనంతోనే జోషిత లారీకి ఒక ఫోటో తీసి, శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఫోటో మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి మధ్యాహ్నంలోగా చేరింది. ఆ వేళకు రాజధానిలో ఒక పెద్ద సమావేశం జరుగుతోంది. ఏదైనా కొత్త ఆలోచన ఉంటే చెప్పండని పైవాళ్ళు అడిగారట. అందరూ బల్ల కింద ఫోన్లు చూసుకున్నారు. ఒకాయన ఫోన్లో జోషిత లారీ ఉంది.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు 'చెత్త నుంచి చైతన్యం'.

"గృహ వ్యర్థములను క్రీడోపకరణములుగా రూపాంతరీకరించు విషయమై," అని అది మొదలయింది. ప్రతి కేంద్రమూ నెలకు ముప్పై బొమ్మలు ఉత్పత్తి చేయవలెను. అందుకు పన్నెండు కిలోల చెత్త సమీకరించవలెను. ఫోటోలు ఉదయం పదిన్నరలోగా అప్‌లోడ్ చేయవలెను. ఇందులో ఏ విధమైన అలసత్వమూ ఉపేక్షించబడదు.

"ముప్పయ్యా?" అంది ఖాసింబీ. "ఉండేది ఇరవై రెండు మంది పిల్లలు గదా టీచరమ్మా."

"మిగిలిన ఎనిమిదీ ఎవరాడుకుంటారో రాయలేదు," అంది మార్తమ్మ.

మండల ఆఫీసు హాల్లో శిక్షణ పెట్టారు. రాజధాని నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. ఇస్త్రీ నలగని లాల్చీ వేసుకున్నాడు. తెర మీద చిత్రాలు వేస్తూ చెత్త అంటే ఏమిటో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చెప్పాడు.

"చెత్త అంటే మీరు రోజూ ఊడ్చేది కాదు," అన్నాడతను. "గృహస్థు ఒక వస్తువు వినియోగాన్ని పూర్తిగా ముగించి, దానిపై మమకారాన్ని వదులుకున్నట్టు లిఖితపూర్వకంగా తెలియజేసినప్పుడు మాత్రమే అది చెత్త హోదా పొందుతుంది. హోదా లేని చెత్తతో బొమ్మ చేస్తే అది పరుల సొత్తు వాడుకున్నట్టు అవుతుంది."

ఎనభై మంది టీచర్లు రాసుకున్నారు. మార్తమ్మ చెయ్యెత్తింది.

"బొమ్మ చేశాక పిల్లలు ఆడుకోవచ్చు గదా సార్?"

కన్సల్టెంటు చిరునవ్వు నవ్వాడు. మంచి ప్రశ్న అన్నాడు. "ఆట రెండో దశలో వస్తుందమ్మా. ప్రస్తుతం మనం మొదటి దశలో ఉన్నాం. ఇది నమోదు దశ."

ఆ విధంగా చెత్త ధ్రువీకరణ పత్రాలు వచ్చాయి. ఇంటి యజమాని సంతకం, ఆధార్ నంబరు, ఇద్దరు సాక్షులు, పంచాయతీ కార్యదర్శి ముద్ర. ఇదివరకే తయారైన బొమ్మలకు కూడా పాత తేదీతో కాకుండా, పాత చెత్తకు కొత్త తేదీతో పత్రాలు తేవాలి. మార్తమ్మ మొట్టమొదట బ్రహ్మయ్య ఇంటికి వెళ్ళింది.

బ్రహ్మయ్య కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చదువు రాకపోయినా కాగితాలను అనుమానించడం ఆయనకు వచ్చు.

"ఏందమ్మా ఇది?"

"నీ చెప్పు లేదూ పెదనాయనా, జోషిత లారీకి చక్రాలు కోసింది. దాన్ని నువ్వు పారేశావని రాసివ్వాల."

"పారేశానని రాస్తే ఏవవుద్ది?"

"ఏం కాదు. చెత్త అవుద్ది."

"చెప్పులు పారేశాడంటే కొత్తయి కొన్నాడని రాసుకుంటారు. కొన్నాడంటే కలిగినోడని రాసుకుంటారు. ఆపైన నా పింఛను తీసేస్తారు," అన్నాడు బ్రహ్మయ్య. "నేను పారెయ్యలా. నువ్వు అడిగితే ఇచ్చినా."

మార్తమ్మకు ఆ తర్కంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టమయింది. రెండు పూటలు తిరిగింది. చివరికి ఆయన ఒప్పుకున్నాడు గాని, తన మాటే రాయాలని పట్టుబట్టాడు. ఆమె రాసింది, ఆయన వేలిముద్ర వేశాడు: 'నా చెప్పు ఒకటి టీచరమ్మకు ఇచ్చినాను. అది మంచి చెప్పు. పోయినందుకు బాధగానే ఉన్నది.'

వారం తరవాత పత్రం తిరిగొచ్చింది. ఎర్రసిరాతో రాసి ఉంది: 'గృహస్థుకు వస్తువుపై మమకారం తొలగలేదని స్పష్టమగుచున్నది. కావున ఇది చెత్త కాదు.'

ఇది ఒక్క బ్రహ్మయ్య గొడవ కాదు. సర్కారు మన చెత్త మీద ఇంత ఆరా తీస్తోందంటే అందులో ఏదో ఉందని ఊళ్ళో మాట పుట్టింది. అంతవరకు పెంట మీదికి విసిరే డబ్బాలూ సీసాలూ ఆడవాళ్ళు కడిగి అటకెక్కించారు. అసలే ఆ ఊళ్ళో చెత్త తక్కువ. చిరిగిన చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే పీట మీద గుడ్డ అవుతుంది, అదీ చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. ఏ ఘడియలో అది చెత్త అవుతుందో ఎవరూ చెప్పలేరు. నెలాఖరుకి రేగులదిబ్బ కేంద్రం సమీకరించిన చెత్త ముప్పావు కిలో. సుభాషిణి మేడం ఫోన్ చేసింది.

"మార్తమ్మా, జిల్లాలో మనది ఆఖరి స్థానం. నా మీదకి వస్తోంది. కాస్త ఊళ్ళోవాళ్ళకి చెప్పి ఎక్కువ పారేయించు."

"వాళ్ళు పారేసేదానికి వాళ్ళ కాడ ఉండాల గదా మేడం."

"అది పైవాళ్ళకి ఎట్లా రాయను?" అంది మేడం, నిజంగానే దిగులుగా.

ఆమె రాయకముందే పైవాళ్ళు అర్థం చేసుకున్నారు. రాష్ట్రంలో చాలా చోట్ల చెత్త కొరత ఉన్నట్టు వాళ్ళకు తేలింది. కొరత తీర్చడానికి చెత్త సరఫరా మొదలయింది. ఒక రోజు ఉదయం వ్యాను వచ్చి బడి ముందు పెద్ద అట్టపెట్టె దించింది. పెట్టె మీద 'ప్రామాణిక గృహ వ్యర్థ సామగ్రి' అని అచ్చు.

ఖాసింబీ విప్పింది. లోపల తళతళలాడే కొత్త ప్లాస్టిక్ సీసాలు, ఒక్కొక్కటీ కవరులో. మూతలు వేరే కవరులో. ఇంకా ఏ పాదమూ తొడగని రబ్బరు చెప్పులు, మధ్యకు కోసి. ఖాళీ అగ్గిపెట్టెలు, అసలు పుల్లలే వేయనివి. ప్రతి వస్తువు మీదా 'చెత్త' అని స్టిక్కరు, దాని కింద హోదా సంఖ్య.

ఖాసింబీ ఒక చెప్పు ముక్క వాసన చూసింది. "కొత్త వాసన టీచరమ్మా. దీన్ని కొయ్యకపోతే మా ఆయన యాడాది తొడిగేవోడు."

పిల్లలు సీసాల వంక చూడలేదు. వాళ్ళు పెట్టెలోకి దూరారు. ఆ పెట్టెలో ఐదుగురు పడతారు. క్షణంలో అది బస్సయింది, మరుక్షణంలో ఇల్లయింది. జోషిత తన లారీని దాని పక్కన నిలబెట్టి బస్టాండు చేసింది. కండక్టరు అరుపులతో బడి దద్దరిల్లింది. వ్యాను డ్రైవరు బీడీ కాల్చుకుని వచ్చి అంతా చూసి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"పెట్టె తిరిగి ఇచ్చెయ్యాలమ్మా. పెట్టె ఆఫీసుది. చెత్త మటుకే మీది."

పిల్లల్ని ఒక్కొక్కరినీ బస్సు దింపడానికి ముప్పావుగంట పట్టింది.

సరఫరా వచ్చింది గనుక బొమ్మలు పుస్తకంలో ఉన్నట్టే చేయాలి. పుస్తకంలో కొలతలున్నాయి. చక్రం వ్యాసం నాలుగున్నర సెంటీమీటర్లు. మార్తమ్మా ఖాసింబీ కూర్చుని రోజంతా చేశారు. పిల్లల్ని చెయ్యనివ్వలేదు, కొలత తప్పుతుందని. ముప్పై పూర్తయ్యాయి. అందులో జోషిత లారీ కూడా ఒకటని లెక్కకు చేర్చమంది మేడం. "అసలు ఈ పథకానికి మూలమే అది గదా," అంది. బ్రహ్మయ్య పత్రం ఇంకా పాసు కాలేదు కాబట్టి దాన్ని 'వివాదాస్పద చెత్త' కింద నమోదు చేశారు. నంబరు పదిహేడు.

నంబరు పడిన మరునాడే ఇంకో ఉత్తర్వు వచ్చింది. బొమ్మలు ఇప్పుడు శాఖ చరాస్తులు. చరాస్తులకు బీరువా, బీరువాకు తాళం, తాళానికి బాధ్యురాలు. ఆట వల్ల కలిగే అరుగుదలకు సంబంధిత కార్యకర్త, నష్టమునకు నష్టము చేసినవారు, మూడు రోజులలో నోడల్ అధికారికి సంజాయిషీ ఇచ్చుకోవలెను. పిల్లల వికాసానికి భంగం కలగకుండా, రోజూ పదిహేను నిమిషాలు బీరువా తలుపులు తెరిచి బొమ్మలు చూపించవలెను. దీనిని దృశ్యక్రీడ అని వ్యవహరించవలెను.

మొదటి దృశ్యక్రీడ రోజున పిల్లలు వరసగా కూర్చున్నారు. మార్తమ్మ బీరువా తెరిచింది. పిల్లలు చూశారు. బొమ్మలు అక్కడ ఉన్నాయి. కాసేపటికి ఒకడు, "ఇప్పుడేం చెయ్యాల టీచరమ్మా?" అన్నాడు.

"చూడాల."

"చూశా."

జోషిత మాత్రం చూడలేదు. లేచి నేరుగా వెళ్ళి పదిహేడో నంబరు దారం పట్టుకుంది. ఖర్మం కొద్దీ ఖాసింబీ అప్పుడే అప్‌లోడు కోసం ఫోటో తీస్తోంది. చెయ్యి పడింది ఫోటోలో. మూడు రోజుల్లో మార్తమ్మకు మెమో వచ్చింది: 'లబ్ధిదారు చరాస్తిని స్పృశించినట్లు చిత్రము వలన రూఢి అయినది. ఏ పరిస్థితులలో స్పృశించినదో తెలుపవలెను.'

మార్తమ్మ రాసింది: 'ఆ లారీ ఆ పిల్లది కనుక.'

ఇది సంతృప్తికరంగా లేదని జవాబు వచ్చింది. మళ్ళీ ఇట్లా జరిగితే ఉద్యోగం గురించి ఆలోచించవలసి వస్తుందని కూడా.

జోషిత బడికి రావడం మానేసింది. బ్రహ్మయ్య భుజాన వేసుకొచ్చేవాడు. బీరువా కనబడగానే ఆ పిల్ల తాత మెడ గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగేది. నాలుగు రోజులకు మిగతావాళ్ళూ పలచబడ్డారు. హాజరు పదకొండుకి పడింది. మార్తమ్మ తాళంచెవి మెళ్ళో తాడుకి వేసుకుని తిరుగుతోంది. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆమె పిల్లల దగ్గర్నుంచి ఏదీ దాచలేదు. బెల్లం డబ్బా కూడా అందే ఎత్తులోనే పెట్టేది. ఇప్పుడు మెళ్ళో ఆ తాళంచెవి తగిలినప్పుడల్లా దొంగసొమ్ము మోస్తున్నట్టు ఉండేది.

ఆ దశలో పైన ఎవరికో ఒక సందేహం వచ్చింది. ఈ బొమ్మలు ఆటకు పనికొస్తాయా? న్యాయమైన సందేహమే. పరీక్షించాలంటే ఆడాలి. పిల్లలు ఆడితే అరుగుదల. అందువల్ల ఆటయోగ్యతా నిర్ధారణ సంఘం ఏర్పడింది. జిల్లా నోడల్ అధికారి పరాంకుశరావుగారు అధ్యక్షులు, ఇంకో ఇద్దరు సభ్యులు. పథకం పుట్టింది రేగులదిబ్బలో కాబట్టి పరీక్ష అక్కడే మొదలు పెట్టాలన్నారు.

జీపు వచ్చే వేళకు సుభాషిణి మేడం పిల్లలకు తల దువ్వించి, చేతులు కట్టించి గోడవార కూర్చోబెట్టింది. హాజరు తక్కువగా కనబడకూడదని బ్రహ్మయ్యను బతిమాలి జోషితను కూడా రప్పించింది. ఆ పిల్ల గుమ్మంలో తాత ఒళ్ళో కూర్చుంది, బీరువాకు వీపు పెట్టి.

పరాంకుశరావుగారు యాభై ఏళ్ళ మనిషి. నుదుట చిన్న బొట్టు, చంకలో లావుపాటి ఫైలు. ఆయన కుర్చీలో కూర్చుని పరీక్షా పత్రం పైకి చదివారు.

"ఒకటి, చలనశీలత. రెండు, ధ్వన్యుత్పాదకత. మూడు, పునఃక్రీడాభిలాష. అంటే ఒకసారి ఆడిన పిమ్మట మరల ఆడవలెనను కోరిక కలుగుచున్నదా లేదా. ఒక్కో అంశానికి పది మార్కులు."

సభ్యుల్లో ఒకాయన డప్పు తీసుకున్నాడు. టకటకా కొట్టి, ధ్వన్యుత్పాదకతకు ఎనిమిది వేశాడు. రెండో ఆయన టెంకాయ చిప్పల మీదికెక్కి ఆరడుగులు నడిచి, చెమట తుడుచుకున్నాడు. పిల్లలు చేతులు కట్టుకుని చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వకూడదని మేడం ముందే చెప్పింది.

పరాంకుశరావుగారు పదిహేడో నంబరు అందుకున్నారు. దారం పట్టుకుని గచ్చు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. చలనశీలత తొమ్మిది అన్నారు. తరవాత పత్రం వంక చూసుకున్నారు.

"పునఃక్రీడాభిలాష తేల్చాలంటే మరొకసారి ఆడవలసి ఉంటుంది."

మరొకసారి లాగారు. ఈసారి మలుపు దగ్గర కొంచెం వంగి, లారీని చేత్తో తిప్పారు. మూడోసారి ఎందుకు లాగారో పత్రంలో లేదు. నాలుగోసారికి ఆయన ఫైలు కుర్చీలో ఉంది, ఆయన మోకాళ్ళ మీద ఉన్నారు, నోటి వెంట సన్నగా ఇంజను చప్పుడు వస్తోంది. గేరు మార్చారు. హారను కొట్టారు. గుమ్మం దగ్గర ఎత్తు ఎక్కించబోతే ముందు చక్రం ఊడి దొర్లుకుంటూ పోయి, జోషిత కాలికి తగిలి ఆగింది.

జోషిత దాన్ని తీసి గుప్పిట్లో పట్టుకుంది.

పరాంకుశరావుగారు లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. "ఇది ముందునుంచీ వదులుగానే ఉందనుకుంటాను," అన్నారు.

"లేదు సార్, మీరు గుమ్మం ఎక్కించినప్పుడే..." అని సుభాషిణి మేడం ఆగిపోయింది. సభ్యులిద్దరూ పైకప్పు దూలాలు పరిశీలించారు.

ఆట వల్ల చరాస్తికి నష్టం జరిగింది. నష్టం చేసినవారు మూడు రోజుల్లో నోడల్ అధికారికి సంజాయిషీ ఇవ్వాలి. ఆ బీరువా ఉత్తర్వు మీద సంతకం పరాంకుశరావుగారిదే. ఆయన తనకు తానే సంజాయిషీ రాసుకోవాలి. తన పద్ధతి తనకు తెలుసు. అది సంతృప్తికరంగా లేదని తానే తిరస్కరిస్తారు. ఆయన ముఖం పాలిపోయింది.

మార్తమ్మ ఆ ముఖం చూసింది. అట్లాంటి ముఖాలు ఆమెకు రోజూ అలవాటే. ఏదో పగలగొట్టి, తిడతారేమోనని చూసే ముఖం. వయసు తేడా తప్ప ఇంకేం లేదు. ఆమెకు కోపం రావలసింది, రాలేదు.

"సార్," అంది నెమ్మదిగా, "ఆ బండి వాడకానికి పనికిరాకుండా పోయిందని రాయండి. చెత్త అని రాసెయ్యండి."

"ఒక్కదాన్నే రాస్తే ఎందుకయిందని పైనుంచి అడుగుతారమ్మా."

మూల నుంచి ఖాసింబీ అంది. "మొత్తం రాసెయ్యండయ్యా. ఒకటి పోతే అడుగుతారు గాని, మొత్తం పోతే ఎవురడుగుతారు?"

ముగ్గురు అధికారులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత పరిపాలనాదక్షత వాళ్ళెవరికీ తటస్థపడలేదు. అక్కడికక్కడే తీర్మానం తయారయింది. 'ముప్పై క్రీడోపకరణములను క్షుణ్ణంగా పరీక్షించిన మీదట, అవి జీవితకాలం ముగించి చెత్తగా పరిణమించినవని సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడినది.' మూడు సంతకాలు పడ్డాయి.

"మరి ఈ చెత్తను ఏం చేయాలి?" అన్నాడు డప్పు సభ్యుడు. "పంచాయతీ బండికి ఇద్దామా, తగలబెడదామా?"

మార్తమ్మ బల్ల సొరుగులోంచి మొట్టమొదటి ఉత్తర్వు తీసి, ఏడో పేరా వేలుపెట్టి చూపించింది. పరాంకుశరావుగారు చదివారు. 'కేంద్రమునకు చేరిన చెత్తను ఏ మాత్రమూ జాప్యము లేకుండా పిల్లల చేతికి అందించి, వారి సృజనను ప్రోత్సహించవలెను.'

ఆయన రెండుసార్లు చదివారు. కామాలతో సహా చదివారు. దాన్ని తప్పించుకునే దారి కనబడలేదు. వెతికే ఓపికా ఉన్నట్టు లేదు.

"అయితే అందించండి," అన్నారు.

మార్తమ్మ మెళ్ళో తాడు తీసి పక్కన పెట్టింది. బీరువా ఎట్లాగూ తెరిచే ఉంది. ఆమె పిల్లల వైపు తిరిగి, "చెత్తంతా మీదేరా, తీసుకోండి," అంది.

చేతులు కట్టుకున్న వరస ఒక్కసారిగా తెగింది. డప్పు సభ్యుడి చేతిలోంచి డప్పు పోయింది. రెండో సభ్యుణ్ణి చిప్పల మీంచి దింపేశారు. కొలత ప్రకారం చేసిన చక్రాలు అయిదు నిమిషాల్లో ఒక బండి నుంచి ఇంకో బండికి మారి, అక్కడ ఇంకా బాగా తిరిగాయి.

జోషిత ఒక చేతిలో చక్రం పట్టుకుని వచ్చింది. లారీని ఎత్తి చూసింది. తరవాత పరాంకుశరావుగారి వైపు చూసింది.

"నువ్వే గదా ఇరగ్గొట్టింది?"

ఆయన ఒకసారి సభ్యుల వంక చూశారు. వాళ్ళు వినడం లేదు.

"అవునమ్మా," అన్నారు. సర్వీసులో ఆయన ఇచ్చిన మొట్టమొదటి సంజాయిషీ అదే కావచ్చు. దానికి మూడు రోజులు పట్టలేదు.

"అయితే ఎక్కియ్యి. అమ్మ రావాల."

ఆయన కింద కూర్చున్నారు. గొడుగు ఊచ కొన వంగింది. పంటితో సరిచేయబోతే, "నోట్లో పెట్టుకోగూడదు," అంది జోషిత. రీఫిల్లు గొట్టం ఎట్లా పట్టుకోవాలో, ఊచ ఎట్లా తిప్పుతూ దూర్చాలో ఆ పిల్లే చెప్పింది. ఆయన నాలుక బయటపెట్టి దూర్చారు. జీపు డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. రెండుసార్లూ పరాంకుశరావుగారు చెయ్యి ఊపి ఆగమన్నారు. గుమ్మంలో బ్రహ్మయ్య ఇదంతా చూస్తూ, ఇందులో తన పింఛనుకు ముప్పు ఎటునుంచి రావచ్చునా అని ఆలోచించి, ఎటునుంచీ కనబడక తలగుడ్డ సర్దుకున్నాడు.

రేగులదిబ్బ తీర్మానం సంగతి మిగిలిన కేంద్రాలకు సాయంత్రానికల్లా తెలిసింది. ఆ నెలలో జిల్లాలోని కేంద్రాలన్నీ తమ బొమ్మలు చెత్తగా పరిణమించినవని రాసి పంపాయి. సంఘం అన్నింటి మీదా ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. జీపు వెళ్ళిన ప్రతి చోటా పరాంకుశరావుగారు పునఃక్రీడాభిలాష అంశం తానే స్వయంగా పరీక్షించారని, కొన్ని చోట్ల మధ్యాహ్నం దాకా పరీక్షించారని జనం చెప్పుకున్నారు. బీరువాలు ఖాళీ అయ్యాయి. ఊరూరా పిల్లలు బడికి పరిగెత్తడం మొదలుపెట్టారు.

రాజధానిలో నివేదికలు కూడి చూసినవాళ్ళు నిర్ఘాంతపోయారు. ఒక్క నెలలో ఇంత చెత్త ఉత్పత్తి చేసిన జిల్లా రాష్ట్రంలో ఇంకొకటి లేదు. లక్ష్యానికి నాలుగు రెట్లు. అభినందన సభ పెట్టారు. ప్రథమ స్థానం రేగులదిబ్బది.

మిరపకోతలు అయిపోయి, జోషిత అమ్మా నాన్నా వచ్చిన వారానికి ఆ సభ జరిగింది. జిల్లా కేంద్రంలో పెద్ద హాలు, పూలకుండీలు, మైకు. మార్తమ్మకు శాలువా కప్పారు. సుభాషిణి మేడం ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. వేదిక మీద ఒక పెద్దాయన చెత్త గురించి మాట్లాడుతూ, రేగులదిబ్బ బాటలో నడిచి ప్రతి ఇల్లూ ఒక వ్యర్థ కేంద్రం కావాలని ఆకాంక్షించారు.

దిగి వస్తుంటే మెట్ల పక్కన బల్ల ముందు ఒక గుమాస్తా ఆపాడు. విజయగాథ రాయాలట. కంప్యూటరులో గడులు నింపాలి.

"సమీకరించిన చెత్త పన్నెండు కిలోలు. ఉత్పత్తి ముప్పై. పరిణామం ముప్పై," అని అతను టకటకా కొట్టాడు. "ఫలితం ఏం రాయమంటారు మేడం?"

"పిల్లలు ఆడుకున్నారు," అంది మార్తమ్మ.

గుమాస్తా తెర మీద పైకీ కిందికీ వెతికాడు. బరువు ఉంది, ఎత్తు ఉంది, స్పర్శ ఉంది, అరుగుదల ఉంది. కళ్ళజోడు సవరించుకుని ఇంకోసారి వెతికాడు. పాపం, కుర్రవాడు కాదు, ఓపికగా వెతికాడు.

"దానికి గడి లేదండీ."

"అన్నిటికన్నా కింద ఏముంది?"

"ఇతరములు."

"అక్కడ రాయండి."

అతను ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ 'ఆడుకున్నారు' అని కొట్టి, సరిపోయిందా అన్నట్టు ఆమె వైపు చూశాడు. సరిపోయిందని మార్తమ్మ శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, మూడున్నర బస్సు అందుకోవడానికి బయల్దేరింది.